పన్నెండో బల్ల లైను

ఆఫీసుల్లో కంప్యూటర్లకు తీగలు లాగే పనిలో పద్దెనిమిదేళ్ళు గడిపిన అతన్ని తోటి పనివాళ్ళు టేపాయన అనేవారు. నడుముకు ఎప్పుడూ కొలత టేపు వేలాడుతూ ఉండేది. కొత్త గదిలో అడుగు పెడితే మనుషుల కంటే ముందు గోడల్నే పలకరిస్తాడని భార్య ఎకసక్కెమాడేది. తండ్రి దర్జీ. ఆయన కొలతలు చెబుతుంటే పుస్తకంలో అంకెలు రాసుకుంటూ పెరిగాడు. ఆ అలవాటో ఏమో, ఏ పనికి వెళ్ళినా ఎన్ని మీటర్ల తీగ పడుతుందో ముందే చెప్పేవాడు. చెప్పినంతే పట్టేది. నలుగురూ ఆ మాట చెప్పుకుంటుంటే చెవి ఒగ్గి వినేవాడు. మనిషిలో ఉన్న గర్వమంతా ఆ ఒక్కచోటే పోగుపడింది.

కళ్ళద్దాల ఆఫీసు పని వచ్చేనాటికి అతనికి నలభై ఆరేళ్ళు. రెండో అంతస్తులో ఒక పొడుగాటి హాలు, మేనేజరు గది, వెనక అద్దాలు అరగదీసే గది. కళ్ళజోళ్ళ దుకాణాలవాళ్ళు ఫోన్ చేసి కొలతలు చెబితే, హాల్లో కూర్చున్నవాళ్ళు చీటీల మీద రాసి వెనక గదికి పంపేవారు. ఆ చీటీల బదులు ఇప్పుడు కంప్యూటర్లు పెట్టాలనుకున్నారు. పన్నెండు బల్లలు, పన్నెండు లైన్లు. అన్నీ ఫాల్స్ సీలింగ్ మీదుగా వెళ్ళి స్టోరు గదిలో గోడకు బిగించిన స్విచ్ పెట్టెలో కలవాలి.

టేపాయన ఒక పూటంతా నేల మీద పాకుతూ కొలిచాడు. కాగితం మీద హాలు గీసి, ఒక్కో బల్లకూ గోడ మీద ఎంత, పైన ఎంత, కిందికి దిగడానికి ఎంత, రెండు చివర్లా వదలాల్సింది ఎంత అని వేసుకున్నాడు. కూడితే రెండు వందల తొంభై ఎనిమిది మీటర్లు వచ్చింది. ఒక తీగ డబ్బాలో మూడు వందల అయిదు ఉంటుంది.

"ఒక్క డబ్బా చాలు సార్" అన్నాడు మేనేజరుతో.

అద్దాలు అరగదీసే పెద్దాయన తలుపు దగ్గర నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు. "అంత కచ్చితంగానా? తగ్గితే?" అన్నాడు నవ్వుతూ.

"తగ్గితే ఈ టేపు మీకిచ్చేసి పోతాను."

హాల్లో అందరూ నవ్వారు. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒకావిడ మాత్రం నవ్వకుండా, "అంత ధీమాగా చెప్పగలగడం కూడా అదృష్టమే తమ్ముడూ" అంది.

ఆవిడది పన్నెండో బల్ల. వయసు యాభై దాటింది. ఆ ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా ఆర్డర్లు రాస్తోంది. అచ్చు గుద్దినట్టుండే రాత, ఎప్పుడూ చేతిలో రిజిస్టరు. అందుకే రిజిస్టరమ్మ అని పేరు పడింది. దుకాణాలవాళ్ళకి ఆవిడ గొంతు కొండగుర్తు. "కుడి కన్ను మైనస్ రెండుంపావు, ఎడమ కన్ను మైనస్ ఒకటిన్నర, అంతేగా?" అని ఆవిడ తిరిగి చదివితేగాని వాళ్ళు ఫోన్ పెట్టేవాళ్ళు కాదు. కంప్యూటరంటే ఆవిడకి బెదురు. అయినా నేర్చుకుంటానని పట్టుబట్టింది. పని జరిగిన మూడు రోజులూ టేపాయనకి మంచినీళ్ళు తెచ్చిచ్చింది ఆవిడే.

మూడో రోజు సాయంత్రానికి పదకొండు లైన్లు అయ్యాయి. పన్నెండోది లాగడానికి నిచ్చెనెక్కి కిటికీ పైన పలక తీశాడు. ఎదురుగా కాంక్రీటు దూలం. నేల మీద కొలిచినప్పుడు ఆ మూల పలక ఎత్తి చూడలేదు. తీగ తిన్నగా పోతుందనుకున్నాడు. ఇప్పుడు దూలం చుట్టూ తిప్పాలి. తిప్పాడు. డబ్బా ఖాళీ అయింది. తీగ చివర బల్లకు ఒకటిన్నర మీటరు పైన గాలిలో వేలాడుతోంది.

దుకాణం వీధి చివరే. దిగి వెళ్ళి ఇంకో డబ్బా తెచ్చి, ఆ లైను మొత్తం కొత్తగా లాగితే గంటన్నర పని. కిందికి చూశాడు. పెద్దాయన గది తలుపు దగ్గర నిలబడి, "ఏమయ్యా, టేపు నాదేనా?" అన్నాడు.

"ఇంకా మిగిలింది కూడా" అన్నాడు టేపాయన, నిచ్చెన మీంచే.

సంచిలో పాత ముక్క ఒకటి ఉంది. ఎనిమిది తీగల పై తొడుగు వలిచి, రంగుకు రంగు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి పలక మీద పెట్టేశాడు. పక్కనే కిటికీ మీది ఏసీకి వెళ్ళే కరెంటు లైను ఉంది. అదీ చూశాడు. అలాంటి తీగ మధ్యలో అతుకు ఉండకూడదు, కరెంటు లైను పక్కన అసలే ఉండకూడదు. జతలు జతలుగా మెలితిరిగి ఉన్న తీగల మెలి విప్పితే, పక్క లైనులోని గోలంతా దాన్లోకి దూరుతుంది. ఇదంతా అతనికి తెలియనిది కాదు. పలక మూసి దిగి వచ్చి, తీగలు కలిశాయో లేదో చూపే టెస్టరు పెట్టాడు. ఎనిమిది లైట్లూ వరసగా వెలిగాయి. పెద్దాయన చప్పట్లు కొట్టాడు.

మూడు వారాలకు మేనేజరు ఫోన్ చేశాడు. "పన్నెండో బల్లది ఒకటే గొడవండి. ఆర్డరు కొడుతుంటే ఆగిపోతోందంటుంది. మిగతావాళ్ళకి ఏమీ లేదు. నాకైతే ఆవిడ చేతిలోనే ఏదో ఉందనిపిస్తోంది. ఒకసారి చూసి పొండి."

టేపాయన మర్నాడు పొద్దున పదింటికి వెళ్ళాడు. మెట్లు ఎక్కుతున్నప్పుడే అతుకు కళ్ళ ముందు కనబడింది. పైకి వెళ్ళేసరికి హాల్లో అందరూ ఉన్నారు. రిజిస్టరమ్మ లేచి కుర్చీ ఇచ్చింది.

"పొద్దున బాగానే ఉంటుంది తమ్ముడూ. మధ్యాహ్నం అయితే ఆగిపోతుంది. ఆర్డరు వెళ్ళిందో లేదో తెలీదు. మళ్ళీ కొడితే రెండుసార్లు వెళ్ళిపోతుంది. మొన్న ఒకాయనకి రెండు జతల అద్దాలు చేసేశారు."

"భోంచేశాక అందరికీ అలాగే ఉంటుంది లెండి, కునుకొస్తుంది" అన్నారు ఎవరో వెనక నుంచి. నవ్వులు.

అతను టెస్టరు పెట్టాడు. ఎనిమిది లైట్లూ వెలిగాయి. నిచ్చెన స్టోరు గదిలోనే ఉందని తెలుసు. తెమ్మంటే తెస్తారు. పలక ఎత్తితే అతుకు బయటపడుతుంది. కింద పెద్దాయన ఉన్నాడు, మేనేజరు ఉన్నాడు.

"లైన్లో ఏమీ లేదు సార్" అన్నాడు.

ఆవిడ గొంతు తగ్గించి అడిగింది. "అయితే తప్పు నాదేనంటావా తమ్ముడూ?"

"లైట్లు వెలుగుతున్నాయి కదక్కా" అన్నాడు.

ఔననలేదు, కాదనలేదు. మెట్లు దిగుతూ, అబద్ధమైతే ఆడలేదుగా అని తనకి తను చెప్పుకున్నాడు. ఆ మాట రోడ్డు దాటేవరకు కూడా నిలవలేదు. పోనీ ఒకరోజు పిలవకపోయినా వెళ్ళి చక్కబెట్టేద్దాం అనుకున్నాడు. ఆ వారం వేరే పని తగిలింది. పై వారం ఇంకోటి. తర్వాత ఆ వీధిలోంచి వెళ్ళాల్సి వస్తే పక్క వీధిలోంచి వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు.

ఏడు నెలల తర్వాత, కొత్తగా రెండు బల్లలు వేస్తున్నామని మళ్ళీ పిలిచారు. వెళ్ళాడు. కిటికీ పక్క బల్ల మీద ప్రింటరు ఉంది. కుర్చీ లేదు.

"ఆవిడ రాలేదా?" అని పెద్దాయన్ని అడిగాడు.

"ఎవరు, రిజిస్టరమ్మా? మానేసి మూడు నెలలైంది. పొమ్మనలేదులే, తనే వెళ్ళిపోయింది. నా బుర్రకి ఎక్కదు, మీ అందరికీ అడ్డంగా ఉన్నాను అని ఏడ్చింది పాపం. ఇరవై రెండేళ్ళలో ఒక్క అంకె తప్పు రాయని మనిషి." పెద్దాయన ప్రింటరు వైపు చూపించి నవ్వాడు. "ఇప్పుడు ఇదీ మధ్యాహ్నం అయ్యేసరికి మొరాయిస్తోంది. ఆ మూలకి ఆవిడ ఉసురు తగిలిందని అంటున్నారు మావాళ్ళు."

టేపాయన కొలిచిన అంకెలు రాసుకోవడం మర్చిపోయి ఇంటికి వచ్చేశాడు.

భార్య ఆస్పత్రిలో నర్సు, ఆ పూట ఇంట్లోనే ఉంది. కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టని మనిషిని చూసి, "ఎక్కడైనా పడ్డావా?" అంది. కాదన్నాడు. కాసేపటికి మొత్తం చెప్పేశాడు. ఆవిడ వింటూ వింటూ చేతిలో గరిటె పక్కన పెట్టింది.

"ఒకటిన్నర మీటరు వైరు కోసమా?"

"వైరు కోసం కాదు. నోరు జారి అన్న మాట కోసం."

"సరే, మొదటిసారి గర్వం అనుకుందాం. రెండోసారి వెళ్ళినప్పుడు? ఆవిడ నీ మొహం చూసి అడిగిందే, అప్పుడు?"

అతను తల వంచుకున్నాడు.

"నా దగ్గర కూర్చుని తల వంచుకుంటే ఏం లాభం? వెళ్ళు" అందావిడ.

మర్నాడు కొత్త డబ్బాతో వెళ్ళాడు. పలక ఎత్తి, అతుకును అటూ ఇటూ జానెడు చొప్పున కత్తిరించి జేబులో పెట్టుకున్నాడు. పన్నెండో లైను మొదటి నుంచీ కొత్తగా, కరెంటు లైనుకు దూరంగా లాగాడు. ఏసీ వేయించి, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ప్రింటరు పక్కనే నిలబడ్డాడు. ఒక్కసారి కూడా ఆగలేదు. మేనేజరు గదిలోకి వెళ్ళి ముక్క బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పాడు.

మేనేజరు మొహంలో నెత్తురు లేదు. నెమ్మదిగా చేస్తున్నావని రిజిస్టరమ్మకి రెండుసార్లు హెచ్చరిక కాగితం ఇచ్చింది ఈయనే. లేచి తలుపు వేసి వచ్చాడు. "సరి చేశారుగా. ఇక్కడితో వదిలేయండి. ఆవిడ వెళ్ళిపోయింది. ఇప్పుడు తవ్వితే మీకూ మంచిది కాదు, నాకూ కాదు."

ఆ మాటలో ఎంత హాయి ఉందో టేపాయనకి తెలిసింది. ఒక్క నిమిషం ఒప్పేసుకోబుద్ధయింది కూడా. ముక్క తీసుకుని బయటికి వచ్చి, పెద్దాయన్ని ఆవిడ ఎక్కడుందో అడిగాడు.

ఆవిడ రైల్వే గేటు అవతల ఒక లాండ్రీ కౌంటర్లో చీటీలు రాస్తోంది. అతన్ని చూసి మొహం విప్పారింది. "తమ్ముడూ, నువ్వా! ఇటెక్కడ?" అని బల్ల చూపించింది. అతను కూర్చోలేదు. జేబులోంచి ముక్క తీసి కౌంటరు మీద పెట్టాడు. చెప్పాల్సింది దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. తీరా చెప్పబోతే అంతా తలకిందులుగా వచ్చింది. ముందు దూలం, తర్వాత ఏసీ, తర్వాత పెద్దాయనతో అన్న మాట. ఆవిడ ఓపిగ్గా వింది. నల్ల టేపు కొస గోటితో పట్టుకుని మెల్లిగా విప్పింది. లోపల ఎనిమిది రంగుల తీగలు బయటపడ్డాయి.

"అయితే ఏసీ వేసినప్పుడే ఆగేది."

"అవునక్కా."

"నేను చెప్పాను వాళ్ళకి. ఏసీ వేస్తే ఆగుతోంది అన్నాను. చలికి నీ వేళ్ళు కొంకర్లు పోతున్నాయేమో అన్నారు." లోపలికి వెళ్ళి సంచిలోంచి ఒక పుస్తకం తెచ్చి అతని ముందు పెట్టింది. నెలన్నర పాటు రోజూ రాసింది. తేదీ, లైను ఆగిన టైము, మళ్ళీ వచ్చిన టైము, ఏసీ వేసిన టైము. గీత గీసినట్టు నాలుగు వరసలు. తీగల పనివాడు ఎవడు చూసినా అయిదు నిమిషాల్లో తప్పెక్కడుందో చెప్పేస్తాడు. "మేనేజరు గారికి ఇచ్చాను. తిప్పి చూడకుండానే తిరిగిచ్చారు. తర్వాత నాకే అనిపించింది, తెలివితక్కువతనం కప్పిపుచ్చుకోవడానికి ఇలా సాకులు రాసుకుంటున్నానేమోనని."

అతనికి తల ఎత్తి చూడడానికి మొహం చెల్లలేదు.

కౌంటరు మీదికి ఎవరో బట్టల మూట తెస్తే లెక్కపెట్టి, చీటీ రాసి పంపించింది. తర్వాత అడిగింది. "ఒక్కటి చెప్పండి. ఆ రోజు టెస్టరు పెట్టి, లైట్లు వెలుగుతున్నాయి కదా అన్నారు. అప్పటికి మీకు ఇది తెలుసా?"

తమ్ముడూ పోయింది. నువ్వు పోయింది. ఆ "మీరు" అతనికి చెంప మీద కొట్టినట్టు తగిలింది.

"తెలుసు" అన్నాడు.

"అతుకు వేయడం పొరపాటు అనుకుంటాను. ఇది పొరపాటు కాదు."

"కాదు."

"నాలుగు నెలలు నేను ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుని, నీకు వయసైపోయింది, నీ పని అయిపోయింది అని చెప్పుకున్నాను. ఇక్కడ కూడా కంప్యూటరు పెడతామంటే, వద్దు, నాకు చేతకాదు అన్నాను. మీరు నాతో చెప్పారు, బాగుంది. నన్ను చూసి నవ్వినవాళ్ళు పదకొండు మంది. వాళ్ళతో ఎవరు చెబుతారు?"

"నేనే చెబుతాను. మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు."

"రేపు మూడింటికి. ఏసీ వేసి ఉంటుంది."

మర్నాడు ఇద్దరూ మెట్లెక్కారు. ఆవిడ ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుంది. హాల్లో తలలు లేచాయి. టేపాయన మధ్యలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. పద్దెనిమిదేళ్ళలో అతను పని గురించి తప్ప నలుగురి ముందు మాట్లాడింది లేదు.

"పన్నెండో బల్ల లైన్లో తప్పు ఉండేది. అది నేను చేసింది. తీగ చాలక అతుకు వేశాను. పిలిచినప్పుడు వచ్చి, తెలిసి కూడా చెప్పలేదు. అక్క గారి చేతిలో ఏ తప్పూ లేదు. ఏసీ వల్ల ఆగుతోందని ఆవిడ చెప్పిందే నిజం."

మేనేజరు గదిలోంచి వచ్చాడు. "ఏమిటిది? ఆఫీసనుకున్నారా, ఇంకేమన్నానా? పనులు చేసుకోండి."

"ఆయన్ని చెప్పనివ్వండి సార్" అన్నాడు పెద్దాయన. "ఉసురని నవ్వింది మనమేగా."

ఎవరూ నవ్వలేదు. కునుకొస్తుంది లెండి అన్న మనిషి కంప్యూటరు వంక చూస్తూ కూర్చుంది. మూలనున్న ఒకావిడ లేచి వచ్చి రిజిస్టరమ్మ చెయ్యి పట్టుకుని ఏదో అనబోయి, అనలేక వెళ్ళి కూర్చుంది. పెద్దాయన పక్క బల్ల దగ్గర కుర్చీ ఖాళీ చేయించి, "ఒక్కసారి కూర్చో" అన్నాడు. టేపాయన ప్రింటరు తీగ పీకి, పన్నెండో లైనుకు ఆ పక్క బల్ల కంప్యూటరు తగిలించాడు. తలపైన ఏసీ హోరుమంటోంది.

ఫోన్ మోగింది. ఆవిడ అలవాటుగా ఎత్తింది. అవతలి దుకాణం మనిషి గొంతు గుర్తుపట్టినట్టున్నాడు, ఆవిడ పెదవులు కదిలాయి. "ఆఁ, నేనేనండి. చెప్పండి... కుడి ప్లస్ ఒకటింపావు, ఎడమ ప్లస్ ఒకటిన్నర, అంతేగా?" ఒక్కో మీటా చూసి నొక్కింది. వెనక గదిలో చీటీ అచ్చయిన చప్పుడు వినిపించింది. పెద్దాయన గబగబా వెళ్ళి చేతిలో పట్టుకొచ్చాడు. "వచ్చింది! ఒక్కటే వచ్చింది!"

ఆవిడ చీటీ తీసుకుని, పేరు నుంచి చివరి అంకె దాకా చదివింది. తిరిగి ఆయనకిచ్చేసి లేచింది. టేపాయన వంక చూసి, చూపు తిప్పుకుని మెట్లు దిగిపోయింది.

తర్వాత మేనేజరు రెండుసార్లు కబురు పెట్టినా ఆవిడ వెళ్ళలేదు. ఫోన్లో గొంతు గుర్తుపట్టిన దుకాణం మనిషే తన దగ్గరికి రమ్మన్నాడని, అక్కడ కంప్యూటరు మీదే పని చేస్తోందని పెద్దాయన చెప్పాడు. కళ్ళద్దాల ఆఫీసు టేపాయన్ని మళ్ళీ పిలవలేదు. సంగతి పాకి, ఇంకో రెండు మూడు చోట్ల కూడా పని ఆగింది. అది అతన్ని పెద్దగా బాధించలేదు. తను లైన్లు వేసిన పాత ఆఫీసులన్నిటికీ వరసగా తిరిగి, మధ్యాహ్నం పూట మెషీన్లన్నీ నడుస్తుండగా ఒక్కో బల్ల దగ్గరా కూర్చుని చూసి వచ్చాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. దొరికితే కాస్త తేలికపడేవాడేమో. చెయ్యి తిరిగినవాళ్ళందరికీ జరిగేదే అని చెప్పుకోవడానికైనా వీలుండేది. ఇప్పుడు మిగిలింది ఆ ఒక్కటే, అదీ తెలిసి చేసింది.

రెండేళ్ళ తర్వాత ఒకరోజు బస్సులో రిజిస్టరమ్మ అతని పక్క సీట్లోకే వచ్చి కూర్చుంది. గుర్తుపట్టి మామూలుగానే పలకరించింది. కొత్త కళ్ళజోడు పెట్టుకుంది. బస్సులు ఈ మధ్య వేళకి రావడం లేదని, కోడలికి మళ్ళీ నెల తప్పిందని, దుకాణంలో బిల్లులన్నీ తనే కొడుతున్నానని చెప్పింది. పాత సంగతి ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని అతను కిటికీ చువ్వ పట్టుకుని కూర్చున్నాడు. చివరికి తనే నోరు తెరవబోయాడు.

"ఆ రోజు నేను..."

"మీరు దిగేది ఎక్కడండీ?" అంది ఆవిడ, మర్యాదగా.

అతను దిగాల్సింది ఇంకా రెండు స్టాపుల అవతల. "ఇక్కడేనండి" అని చెప్పి లేచాడు.